అడవిని పెంచిన ఊళ్లు

పశ్చిమాఫ్రికాలోని గినీ దేశంలో, కిస్సిడుగు ప్రాంతపు గడ్డిమైదానాల నడుమ ఊరి చుట్టూ దట్టమైన అడవి కనిపిస్తుంది. ఇవి ఒకనాటి మహారణ్యపు అవశేషాలనీ, తక్కినదంతా గ్రామస్థులే నరికి తగులబెట్టారనీ ఫ్రెంచి పాలకులు తీర్మానించారు. స్వాతంత్ర్యం వచ్చినా ఆ అపవాదు తొలగలేదు. నిప్పు పెట్టినవారికి శిక్షలు తప్పలేదు.

జేమ్స్ ఫెయిర్‌హెడ్, మెలిస్సా లీచ్ అనే పరిశోధకులు 1952 నాటి విమాన ఛాయాచిత్రాలను తరువాతి ఉపగ్రహ చిత్రాలతో పోల్చారు. ఊరి వృద్ధుల మాటలు విన్నారు. 1996లో వెలువడిన వారి గ్రంథం అసలు సంగతి బయటపెట్టింది: అనేక చోట్ల అడవి తరగలేదు, పెరిగింది. ఊరి అంచున పశువులను మేపి, ముందుగానే చిన్న మంటలతో గడ్డిని తొలగించి, పెనుమంటలను గ్రామస్థులు అడ్డుకున్నారు. పెంటతో నేలకు సారమిచ్చారు; తెల్లబూరుగులు నాటారు.

అడవికి శత్రువులని నిందపడ్డవారే దానిని పెంచినవారు.