ముందు ఓడ తేదీ, తర్వాతే డ్యాష్‌బోర్డు

శ్రీ విజయపురంలోని జంగ్లీఘాట్ చేపల రేవుకు పేరుపడింది. చేపలను చుట్టూ ఉన్న సముద్రమే ఇస్తుంది. బియ్యం, కందిపప్పు, వంటనూనె, సబ్బులు, మందులు మాత్రం ఎక్కువ భాగం ఓడల్లో రావాల్సిందే. చెన్నై నుంచి సముద్ర మార్గం సుమారు 1,190 కిలోమీటర్లు. 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్‌గా ఉన్న ఈ నగరంలో తెలుగు బాగా వినిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే.

ఇలాంటి చోట ఒక కిరాణా దుకాణం రెండుగా, రెండు అయిదుగా పెరిగితే యజమాని జ్ఞాపకశక్తి, చిత్తు పుస్తకం చాలవు. అప్పుడు వినిపించే మాట ‘బిజినెస్ ఇంటెలిజెన్స్’. 1958లో ఐబీఎం శాస్త్రవేత్త హాన్స్ పీటర్ లూన్ ఈ పేరుతోనే ఒక పరిశోధన పత్రం రాశారు. విడివిడి వాస్తవాల మధ్య సంబంధాన్ని పట్టుకుని, చేయాల్సిన పనికి దారి చూపడమే దాని సారం. నేడు ఆ పేరు చెప్పగానే రంగురంగుల గ్రాఫులతో నిండిన డ్యాష్‌బోర్డు గుర్తొస్తుంది. పెరుగుతున్న సంస్థలు ముందు దాన్నే కొంటాయి. దీవుల్లో ఇది తలకిందుల పని. ఇక్కడ మొదట నమోదు కావలసింది సరుకు ప్రయాణం. అమ్మకాల గ్రాఫు తర్వాత.

ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఒక సంస్థ రోజుకు సగటున 40 బస్తాల బియ్యం అమ్ముతుంది. రోజువారీ హెచ్చుతగ్గు, అంటే ప్రామాణిక విచలనం, 10 బస్తాలు. ఆర్డరు పెట్టాక సరుకు గోదాము చేరడానికి సగటున 9 రోజులు పడుతుంది. అందులో హెచ్చుతగ్గు 3 రోజులు. ఈ 9 రోజుల్లో అమ్మకాల వల్ల కలిగే అనిశ్చితి 10ని 9 వర్గమూలంతో గుణిస్తే వస్తుంది: 30 బస్తాలు. ఓడ వల్ల కలిగేది 40ని 3తో గుణిస్తే వస్తుంది: 120 బస్తాలు. రెండింటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే మొత్తం సుమారు 124. ఇరవై ఆర్డర్లలో పంతొమ్మిదిసార్లు సరుకు నిండుకోకుండా ఉండాలంటే దానికి 1.65 రెట్లు, అంటే 204 బస్తాలు అదనంగా నిల్వ ఉంచాలి.

రోజువారీ అమ్మకాలను ఒక్క బస్తా కూడా తప్పకుండా ముందే చెప్పగల అద్భుత సాఫ్ట్‌వేర్ దొరికినా ఈ నిల్వ 198కే తగ్గుతుంది. ఆదా ఆరు బస్తాలు. ఓడ రాకలోని అనిశ్చితి 3 రోజుల నుంచి ఒక రోజుకు తగ్గితే మాత్రం 83 బస్తాలు చాలు.

నమోదు చేసినంత మాత్రాన తుఫాను ఆగదు. కానీ ఆర్డరు పెట్టిన తేదీ, రేవులో ఓడకెక్కిన తేదీ, దిగిన తేదీ, గోదాముకు చేరిన తేదీ విడివిడిగా రాస్తే ఆలస్యం ఎక్కడ జరుగుతోందో తెలుస్తుంది. వర్షాకాలపు ప్రయాణాలను, మిగతా నెలల ప్రయాణాలను ఒకే సగటులో కలిపేయడం వల్ల కనిపించే అనిశ్చితి కొంత విడిపోతుంది. ఏ నెలలో ఎంత ముందుగా ఆర్డరు పెట్టాలో అప్పుడు చెప్పవచ్చు.

రెండో లోపం ‘సున్నా’లో ఉంది. అరలో పాలపొడి లేనప్పుడు ఆ రోజు అమ్మకం సున్నా అని కంప్యూటరు రాసుకుంటుంది. అడిగినవారు లేరని దాని అర్థం కాదు. ఆ సున్నాలను నమ్మి తర్వాతి ఆర్డరు తగ్గిస్తే కొరత మరింత పెరుగుతుంది. మరో ఊరి నుంచి సాయంత్రానికి లారీ తెప్పించే వీలు ఇక్కడ లేదు. తర్వాతి ఓడ వచ్చేదాకా ఆ ఇంట్లో పాలు ఉండవు. అందుకే అమ్మకంతో పాటు ఆ రోజు నిల్వ ఎంతో కూడా ప్రతి దుకాణం నుంచి చేరాలి.

మూడోది పేర్లు. ఒక దుకాణంలో కందిపప్పు, ఇంకో దుకాణంలో అర్హర్ దాల్, మరో చోట తువరం పరుప్పు. తెలుగు, హిందీ, తమిళం, బెంగాలీ కలిసి బతికే నగరంలో ఇది సహజమే. కంప్యూటరుకు మాత్రం అవి మూడు వేర్వేరు సరుకులు. ఒక సరుకుకు ఒకే కోడ్ ఇచ్చే పట్టిక లేనిదే అయిదు దుకాణాల లెక్కలు ఎన్నటికీ కలవవు. ఈ పట్టికకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఓపిక కావాలి.

ఇక యంత్రాల సంగతి. అయిదు దుకాణాలు, ఒక్కోదానిలో రోజుకు 400 బిల్లులు, బిల్లుకు ఆరు సరుకులు అనుకుంటే రోజుకు 12,000 వరుసలు, ఏడాదికి దాదాపు 44 లక్షలు. వరుసకు 200 బైట్ల చొప్పున ఏడాది సమాచారం ఒక గిగాబైటు కూడా నిండదు. పోస్ట్‌గ్రెస్ వంటి ఉచిత డేటాబేస్, ఒక మామూలు కంప్యూటరు, రోజూ తీసే బ్యాకప్ చాలు. 2020 ఆగస్టు 10న ప్రారంభమైన సుమారు 2,300 కిలోమీటర్ల చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ వల్ల క్లౌడ్ సేవలూ అందుబాటులోకి వచ్చాయి. అయినా కనెక్షన్ ఆగిన గంటలో బిల్లింగ్ ఆగకూడదు. బిల్లు ముందు దుకాణంలోనే భద్రమై, లైను వచ్చాక కేంద్రానికి చేరే ఏర్పాటు ఉండాలి.

సిద్ధంగా దొరికే క్లౌడ్ సేవ కొంటే సాంకేతిక సిబ్బంది అవసరం తగ్గుతుందన్న వాదనలో నిజం ఉంది. చిన్న సంస్థకు అది పెద్ద ఊరట కూడా. అయితే ఆ సేవలు పొద్దున ఆర్డరిస్తే మర్నాటికి లారీ వచ్చే ఊళ్లకు కూడా అమ్ముడయ్యేవి. వాటిలో అమ్మకాల గ్రాఫులు పది ఉండవచ్చు. ఓడ తేదీల గడి ఉందో లేదో కొనేముందు అడిగి తెలుసుకోవాలి. నమోదు చేసిన సమాచారాన్ని ఎప్పుడైనా పూర్తిగా బయటికి తీసుకునే హక్కు ఉందో లేదో కూడా చూడాలి.

కాబట్టి క్రమం ఇలా ఉండాలి: ముందు సరుకుల కోడ్ పట్టిక, ఆపై నాలుగు తేదీలు, రోజువారీ నిల్వ. ఆరు నెలలు అవి తప్పకుండా చేరాక డేటా వేర్‌హౌస్. చివరగా డ్యాష్‌బోర్డు. అంతవరకు గోదాము గుమాస్తా ఓడ దిగిన తేదీని మరిచిపోకుండా రాస్తే, ఆ సంస్థ బిజినెస్ ఇంటెలిజెన్స్ అప్పటికే మొదలైనట్టు.