కళ్ల కదలికల చికిత్స: వెళ్లే ముందు తెలుసుకోవలసినవి

2013 డిసెంబరు 28 తెల్లవారుజామున, బెంగళూరు నుంచి నాందేడ్ వెళ్తున్న ఎక్స్‌ప్రెస్ రైలులోని ఒక ఏసీ బోగీ మన కొత్తచెరువు సమీపంలో మంటల్లో చిక్కుకుంది. 26 మంది మరణించారు. అంతకు ఏడాదిన్నర ముందు, 2012 మే 22న, పెనుకొండ స్టేషనులో హంపీ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొని 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మృతుల సంఖ్య అందరికీ తెలుస్తుంది. బతికి బయటపడి, ఆ తరువాత నిద్రకు దూరమైనవారు ఆ సంఖ్యలో చేరరు.

ఇటువంటి గాయానికి రైలు ప్రమాదమే కానక్కరలేదు. వరుస కరవులతో అప్పులపాలై ప్రాణం తీసుకున్న రైతును మొదట చూసినది భార్యో, బడి నుంచి ఇంటికి వచ్చిన పిల్లవాడో అయి ఉంటారు. ఆ దృశ్యం పదేపదే కళ్లముందు మెదలడం, పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడడం, ఆ చోటు పక్కకు కూడా వెళ్లలేకపోవడం నెల దాటినా తగ్గకపోతే దానిని వైద్యులు పీటీఎస్‌డీ అంటారు. మన పల్లెల్లో దీనిని జడుపు అంటారు. తాయెత్తు కడతారు. లేదా మందుల దుకాణంలో నిద్రమాత్ర కొని మింగిస్తారు.

ఈ రెండవ అలవాటు నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. భయంకర సంఘటన జరిగిన తొలి నెలలో ఆందోళనకు గానీ, నిద్రలేమికి గానీ డయాజిపామ్ తరగతి మాత్రలు ఇవ్వరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించింది. పీటీఎస్‌డీకి అదే సంస్థ సిఫారసు చేసిన చికిత్సలలో ఈఎండీఆర్ ఒకటి. కళ్ల కదలికల సాయంతో చేసే మానసిక చికిత్స ఇది. (ఇప్పటికే మాత్రలు వాడుతున్నవారు వాటిని హఠాత్తుగా మానరాదు, వైద్యుని సలహాతో క్రమంగా తగ్గించుకోవాలి.)

ఇది నిన్న మొన్న వచ్చిన వింత కాదు. అమెరికా మనస్తత్వవేత్త ఫ్రాన్సిన్ షపీరో 1987లో దీనికి అంకురార్పణ చేశారు. 1989లో తొలి అధ్యయనం వెలువడింది. అయినా పేరు వినగానే చాలామంది దీనిని వశీకరణమనో, హిప్నాటిజమనో భ్రమిస్తారు. కొందరు భయంతో అసలు వెళ్లరు. కొందరు రెండు సార్లు వెళ్లి మానేస్తారు. నా దృష్టిలో ఈ చికిత్సకు మొదటి మందు సమాచారమే. లోపల ఏమి జరుగుతుందో ముందుగా తెలిసినవారు చివరి వరకు నిలబడతారు.

గదిలో ఏమి జరుగుతుంది?

మొదటి రోజే మీ కళ్లముందు వేలు ఆడించరు. ఒకటి రెండు సమావేశాలు మీ చరిత్ర తెలుసుకోవడానికి, మిమ్మల్ని సిద్ధపరచడానికి సరిపోతాయి. మనసు కలతపడినప్పుడు ఆశ్రయించడానికి ఒక ప్రశాంత స్థలాన్ని ఊహించుకోవడం నేర్పుతారు. అది ఊరి చింతతోపు కావచ్చు, అమ్మమ్మగారి అరుగు కావచ్చు. ఆపమని చెప్పేందుకు చేయి ఎత్తడం వంటి సంకేతాన్ని కూడా ముందే నిర్ణయిస్తారు. ఆ సంకేతం మీ హక్కు.

తరువాత ఆ జ్ఞాపకంలో అత్యంత బాధించే దృశ్యాన్ని ఎంచుకోమంటారు. దానితో ముడిపడిన మాటను అడుగుతారు: ‘తప్పు నాదే’, ‘నేను కాపాడలేకపోయాను’ వంటిది. బాధ ఎంతో సున్న నుంచి పది వరకు అంకెలో చెప్పమంటారు. శరీరంలో ఆ బాధ ఎక్కడ తెలుస్తోందో గమనించమంటారు.

ఆపైన ఆ దృశ్యాన్ని మనసులో ఉంచుకొని, అటూ ఇటూ కదిలే చికిత్సకుని వేళ్లను కళ్లతో అనుసరించాలి. ఒక్కొక్క విడత అర నిమిషం లోపే. కళ్లతో వీలుకాకపోతే చేతులపై మార్చి మార్చి తట్టడమో, రెండు చెవులకు మార్చి మార్చి శబ్దం వినిపించడమో చేస్తారు. విడత ముగియగానే ‘ఇప్పుడేమి తోస్తోంది?’ అని అడుగుతారు. జరిగినదంతా పూస గుచ్చినట్లు చెప్పనవసరం లేదు. నోరు విప్పడానికి సిగ్గుపడే మన స్త్రీలకు, పిల్లలకు ఇది పెద్ద ఊరట. మీరు పూర్తి మెలకువతోనే ఉంటారు. బాధ అంకె తగ్గాక, ‘నేను చేయగలిగింది చేశాను’ వంటి మేలైన మాటను అదే పద్ధతిలో బలపరుస్తారు.

ఒక్కో సమావేశం గంట నుంచి గంటన్నర. ఒకే సంఘటన వల్ల కలిగిన గాయానికి సాధారణంగా ఆరు నుంచి పన్నెండు సమావేశాలు పట్టవచ్చు. ఏళ్ల తరబడి హింసకు గురైనవారికి ఇంకా ఎక్కువ.

ఇంటికి వచ్చాక

అసలు పరీక్ష ఇక్కడే. ఒకటి రెండు రోజులు అలసట, ఏడుపు, చిత్రమైన కలలు, మరచిన సంగతులు గుర్తుకు రావడం సహజం. ‘చికిత్స వికటించింది’ అని మానేసేది ఈ దశలోనే. చీము పట్టిన పుండును కడిగిననాడు మంట హెచ్చుతుంది కదా! వచ్చిన కలలను కాగితంపై రాసుకొని మరుసటి సమావేశంలో చెప్పండి. వీలైతే ఆ రోజు తోడుగా ఒకరిని తీసుకువెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం మరుసటి సమావేశం దాకా ఆగవద్దు, వెంటనే వైద్యునికి తెలియజేయండి.

కళ్ల కదలికలే మేలు చేస్తున్నాయా, జ్ఞాపకాన్ని ధైర్యంగా ఎదుర్కోవడమే మేలు చేస్తోందా అన్న వాదం పండితుల మధ్య నేటికీ ఉంది. ఒకేసారి రెండు పనులు చేసే మనసులో జ్ఞాపకం పదును తగ్గుతుందని ఒక వివరణ. ఆ వాదం తేలే వరకు రోగి ఆగనక్కరలేదు. కానీ ‘ఒక్క పూటలో నయం’ అనేవారిని, వీడియో చూసి వేలు ఆడించేవారిని నమ్మవద్దు. జ్ఞాపకం చెరిగిపోదు, దాని కాటు తగ్గుతుంది. ఈ చికిత్స నుంచి ఆశించవలసినది అంతే. అది తక్కువేమీ కాదు.

చికిత్సకుని మూడు ప్రశ్నలు అడగండి: మీరు క్లినికల్ సైకాలజిస్టా, మనోవైద్యులా? ఈఎండీఆర్‌లో శిక్షణ ఎక్కడ పొందారు? మధ్యలో నేను తట్టుకోలేకపోతే ఏమి చేస్తారు? మూర్ఛ, కంటి జబ్బు, గర్భం, మద్యం అలవాటు ఉంటే మీరే ముందుగా చెప్పండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారు టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో గానీ, బెంగళూరు నిమ్హాన్స్‌లో గానీ పరీక్ష చేయించుకొని, తగిన చికిత్స ఏదో అడగండి. విరిగిన ఎముకకు కట్టు కట్టించుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. జడిసిన మనసుకు చికిత్స అడగడానికి సిగ్గెందుకు?