ఆపరేషన్ తరువాతి లెక్క ఎవరిది?

పరీక్ష ముగిసిన తరువాత జవాబు పత్రాలను దిద్దకుండా కట్టకట్టి అటక ఎక్కిస్తే, తాను చెప్పిన పాఠం ఎంతవరకు అందినదో ఉపాధ్యాయునికి తెలియదు. పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ల శస్త్రచికిత్సలోనూ ఇదే చిక్కు. కుట్లు మానగానే రోగి ఇల్లు చేరుతాడు. రెండేళ్లకు అదే చోట వ్యాధి మళ్లీ తలెత్తితే, ఆ సంగతి కత్తి పట్టిన వైద్యుని చెవిన పడాలి కదా! అలా పడేటట్లు చేసే ఏర్పాటునే క్లినికల్ ఆడిట్ అంటారు. ఇది డబ్బు లెక్కల తనిఖీ కాదు. చేసిన వైద్యానికి ఫలితం ఏమైనదో ఒక్కొక్క రోగి వారీగా వ్రాసి, ప్రమాణంతో సరిపోల్చి, లోపమున్న చోట పద్ధతి మార్చి, తిరిగి లెక్కించటం.

నార్వే అనుభవం ఇందుకు మంచి నిదర్శనం. అక్కడ 1986-88 మధ్య మలాశయ క్యాన్సరుకు ఆపరేషన్ చేయించుకున్న వారిలో 28 శాతం మందికి అదే చోట వ్యాధి తిరగబెట్టినట్లు లెక్కలో తేలింది. అప్పటికే ఇంగ్లండులో బిల్ హీల్డ్ అనే సర్జను, మలాశయాన్ని దాని చుట్టూ ఉన్న కొవ్వుతో సహా, పై పొర చిరగకుండా మొత్తంగా తీసే విధానాన్ని 1982లో ప్రకటించి ఉన్నారు. నార్వే వారు 1993లో దేశవ్యాప్త పథకం ప్రారంభించి, సర్జన్లకు ఈ విధానంలో శిక్షణ ఇచ్చారు. తీసిన భాగాన్ని పరీక్షించే పాథాలజిస్టులకూ నేర్పారు. ప్రతి రోగి ఫలితాన్నీ ఒకే పట్టికలో చేర్చారు. 1994-97 నాటి రోగులలో కొత్త విధానం వలన వ్యాధి తిరగబెట్టినది 6 శాతం మందికి, పాత పద్ధతిలో 12 శాతం మందికి. కొత్త మందేదీ కనిపెట్టకుండానే సాధించిన ఫలితమిది! తరువాత స్వీడన్ 1995లోను, నెదర్లాండ్స్ 2009లోను ఇటువంటి పట్టికలు మొదలుపెట్టాయి.

అయితే అంకెలను గుడ్డిగా చదివితే అన్యాయం జరుగుతుంది. వెనుకబడిన పిల్లలను చేర్చుకొనే బడికి ఉత్తీర్ణతా శాతం తగ్గినట్లే, పేగు మూసుకుపోయి అర్ధరాత్రి వచ్చే ముసలివారిని కాదనకుండా చేర్చుకొనే ఆసుపత్రిలో మరణాలు ఎక్కువ కనబడతాయి. కనుక వయస్సు, వ్యాధి ముదిరిన స్థాయి, అత్యవసర స్థితి లెక్కలోకి తీసుకొన్న తరువాతే పోల్చాలి. ఇంగ్లండులో 2013లో సర్జన్ల పేర్లతో ఫలితాలు ప్రకటించినప్పుడు, కష్టమైన రోగులను వైద్యులు తప్పించుకొంటారేమోనన్న భయం వ్యక్తమైంది. ఆ భయం కొట్టివేయదగినది కాదు.

ఇక మన సంగతి. నార్వేలో ప్రతి పౌరునికి 11 అంకెల గుర్తింపు సంఖ్య 1964 నుండి ఉన్నది. రోగి ఏ ఊరు మారినా లెక్క తప్పదు. మన సరిహద్దు పల్లెల రోగికి ఆపరేషన్ ఒక రాష్ట్రంలో, కీమోథెరపీ మరొక రాష్ట్రంలో. మాకు తెలిసిన ఒక పెద్దాయనకు పొరుగు రాష్ట్రపు నగరంలో ఆపరేషన్ జరిగింది. వ్యాధి తిరగబెట్టినప్పుడు దగ్గరలోని వేరే ఆసుపత్రికి తీసుకొనిపోయారు. మొదటి ఆసుపత్రి దస్త్రాలలో ఆయన నేటికీ కోలుకొని వెళ్లిన రోగియే! అన్ని ఆసుపత్రులూ విధిగా పాల్గొనవలసిన ఇటువంటి జాతీయ ఆడిట్ మన దేశంలో లేదు. 2021లో దేశమంతటా ప్రారంభమైన డిజిటల్ ఆరోగ్య పథకం క్రింద ఇచ్చే 14 అంకెల ఆభా సంఖ్య ఈ తెగిన దారాన్ని కలపగలదు. కాని రెండు వైపుల ఆసుపత్రులూ దానిని వ్రాసుకొన్నప్పుడే.

అంతవరకు ఆ దారం కుటుంబం చేతిలోనే ఉంటుంది. డిశ్చార్జి కాగితం ఒక్కటే చాలదు. ఆపరేషన్ వివరాల పత్రం, పాథాలజీ రిపోర్టు అడిగి తీసుకోవాలి. తీసిన భాగం అంచులలో క్యాన్సర్ మిగిలినదా, ఎన్ని లింఫు గ్రంథులు పరీక్షించారు అన్నది అందులోనే ఉంటుంది. కనీసం 12 గ్రంథులు చూడాలన్నది సాధారణ ప్రమాణం. అంతకు తక్కువైతే కారణమేమిటని వైద్యుని మర్యాదగా అడగవచ్చు. వేరే చోట చికిత్స మొదలుపెట్టినా, మొదటి ఆసుపత్రికి ఒక ఉత్తరం వ్రాయండి.