వంకర ముద్ర

పాతనాణేలు కూడబెట్టేవారిలో రెండు తెగలున్నాయి. ముద్ర నడిమధ్య పడి, నిగనిగలాడే నాణెం కోసం దేవులాడేవారు ఒక తెగ. అచ్చు పక్కకు జరిగి రాజుగారి ముక్కు ఎగిరిపోయినా ముచ్చటపడి తెచ్చుకునేవారు రెండో తెగ. నేను రెండో తెగవాణ్ణి. అభిరుచి అని గొప్పలు చెప్పుకోవచ్చు గాని, అసలు కారణం జేబు!

పూర్వం గ్రీకులు వెండిబిళ్ళను కింది అచ్చుమీద పెట్టి, పై అచ్చు ఆనించి సుత్తితో మోదేవారు. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్సు గుడ్లగూబ నాణెం తూకం 17 గ్రాముల చిల్లర. బిళ్ళ చాలక, ఎథీనాదేవి శిరస్త్రాణం మీది కుచ్చు చాలా నాణేల్లో సగమే పడింది.

అంతదూరం ఎందుకు? మన శాతవాహనుల సంగతే చూడండి. క్షత్రప రాజు నహపానుడు వెండినాణెం మీద తన తల వేయించి, చుట్టూ గ్రీకు అక్షరాలు చెక్కించాడు. గౌతమీపుత్ర శాతకర్ణి అతణ్ణి ఓడించి, ఆ నాణేలను కరిగించకుండా వాటిమీదనే తన ముద్ర కొట్టించాడు: ఒకవైపు మూడు వంపుల కొండ, మరోవైపు ఉజ్జయినీ గుర్తు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో దొరికిన 13 వేల పైచిలుకు నాణేల్లో 9 వేలకు పైగా ఇలాంటివే. కొత్తముద్ర సరిగా పడనిచోట పాతరాజు మొహం, నాలుగు గ్రీకు అక్షరాలు ఇంకా తొంగిచూస్తాయి. సుత్తిదెబ్బ నిండుగా పడివుంటే, ఓడినవాడూ గెలిచినవాడూ ఒక్క బిళ్ళమీద మనకు కనబడేవారా?

ఆదివారం ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు పాతపుస్తకాలు పరుస్తారు కదా! అక్కడొకాయన గుడ్డమీద నాణేలు పేర్చి, "సికందర్ కాలంనాటిది సాబ్, ఒక్క లోపం లేదు" అన్నాడు. లోపం లేకపోవడమే దాని లోపం! అంచుచుట్టూ అతుకుగీత, పైన బుడగల గుంటలు. పక్కనే దాని కవలలు మరో రెండు. మూడింటికీ ఒకేచోట ఒకే గీత. చేత్తో కొట్టిన నాణేలు ఏ రెండూ అచ్చంగా ఒకలా వుండవు. అవి పోతపోసిన సరుకు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

మరో మాట. మంచి సరుకైనా ఎక్కడిదో అడగాలి. భూమిలో దొరికిన నిధి రూ. 10కి మించితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం. నూరేళ్ళు దాటిన నాణేన్ని మనబోటివాళ్ళు దేశం దాటించకూడదని 1972 చట్టం.

మీ పిల్లలకు ఈ సరదా అంటుకుంటే కసరకండి. ముందు నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని స్టేట్ మ్యూజియంకు తీసుకెళ్ళి, అద్దాల వెనుక వున్న అసలు నాణేలు తనివితీరా చూడనివ్వండి. ఆబిడ్స్ ఆ తర్వాత.