నవ్వు ప్రశ్న మీదా? ప్రశ్న అడిగినవాడి మీదా?

ఒక సినిమా దర్శకుడు వేదిక ఎక్కి, కథ లేకుండా, పాట లేకుండా, పక్క వాయిద్యం లేకుండా, చేతిలో ఒక్క మైకు పట్టుకుని "ఏదైనా అడగండి" అంటే అది వినోదం అవుతుందా? ఆ రాత్రి హాలులో కూర్చున్నవారికి అయిందే అనుకుందాం. దాన్ని చిత్రీకరించి అమ్మితే కొని, ఇంట్లో కూర్చుని, హాస్య చిత్రం చూసినట్లు చూసి నవ్వేవాళ్ళు వుంటారా? అమెరికాలో కెవిన్ స్మిత్ అనే దర్శకుడు ఇరవయ్యేళ్ళకు పైగా ఈ పని చేస్తున్నాడు. కొనేవాళ్ళూ వున్నారు, నవ్వేవాళ్ళూ వున్నారు. ఇప్పుడు ఆ ముక్కలు ఫోను వున్న ప్రతివాడికీ అందుతున్నాయి. ఇంగ్లీషు తెలిసిన మన కుర్రాళ్ళలో కొందరు చూస్తున్నారు కూడా. ఏమిట్రా ఆ నవ్వు అని ఇంట్లో అడిగితే మాత్రం చెప్పలేక తప్పించుకుంటారు. అందుచేత ఈ విషయం మన పేజీలో మాట్లాడుకోవడం అనవసరం కాదనుకుంటున్నాము.

ముందుగా ఆ మనిషి ఎవరో చెప్పుకోవాలి. మన జిల్లాల నుంచి వెళ్ళిన పిల్లలు ఎందరో స్థిరపడిన న్యూజెర్సీ రాష్ట్రం ఆయన స్వస్థలం. పుట్టింది 1970లో. సినిమా చదువు కోసం కెనడాలోని వాంకూవర్ వెళ్ళి, నాలుగు నెలలకే మానుకుని ఇంటికి వచ్చేశాడు. లియొనార్డో అనే చిన్న ఊళ్ళో పాలు, సిగరెట్లు, పేపర్లు అమ్మే దుకాణంలో గుమాస్తాగా కుదిరాడు. ఆ దుకాణంలోనే, యజమాని అనుమతితో, గుమాస్తాల జీవితం మీద 'క్లర్క్స్' అనే సినిమా తీశాడు. పగలు బేరం, రాత్రి షూటింగు. కథ ఏమో పగటిది. బయట చీకటి కనబడకూడదు కదా! ఎవడో తాళంలో బంక కూరాడు, షట్టర్ తెరుచుకోవడం లేదు అని కథలోనే పెట్టేశాడు. క్రెడిట్ కార్డుల మీద అప్పు తెచ్చాడు. చిన్ననాటి నుంచి పోగు చేసుకున్న బొమ్మల కథల పుస్తకాలు అమ్మేశాడు. మొత్తం ఖర్చు 27,575 డాలర్లు. నలుపు తెలుపులో తీసిన ఆ చిత్రం 1994లో సన్‌డాన్స్ చలనచిత్రోత్సవంలో చూపగా పెద్ద సంస్థ కొనుక్కుంది. గుమాస్తా కాస్తా దర్శకుడయ్యాడు.

ఇలాంటి మనిషిని కళాశాలలవాళ్ళు పిలవడంలో ఆశ్చర్యం లేదు. పిలిచారు, వెళ్ళాడు, ఉపన్యాసం ఇవ్వలేదు. ప్రశ్నలు అడగమన్నాడు. వివిధ విశ్వవిద్యాలయాల్లో జరిగిన ఆ సభలను చిత్రీకరించి 2002లో 'యాన్ ఈవెనింగ్ విత్ కెవిన్ స్మిత్' పేరుతో డీవీడీగా విడుదల చేశారు. నిడివి మూడున్నర గంటలకు పైనే. 2006లో రెండోది వచ్చింది, దానికి సభలు కెనడాలోని టొరాంటోలో, ఇంగ్లండులోని లండన్‌లో జరిగాయి. 2008లో మూడోది వచ్చింది. తర్వాత మరికొన్ని.

సభ జరిగే తీరు చాలా సాదా. నడవలో ఒక మైకు. దాని వెనుక రేషన్ దుకాణం దగ్గర నిలబడ్డట్లు కుర్రాళ్ళు వరుస కడతారు. ఒకడు ఒక ముక్క అడుగుతాడు. జవాబు ఒక్కోసారి అరగంట నడుస్తుంది. వరుసలో వెనుక వున్నవాడి వంతు రాకుండానే సభ ముగిసినా ఎవరూ గొడవ చేయరు. ఎందుకంటే ఆయన ఇచ్చేది జవాబు కాదు, కథ.

ఒక్క ఉదాహరణ చెబితే విషయం బోధపడుతుంది. సూపర్‌మాన్ సినిమాకు మీరు కథ రాశారట, ఏమైంది అని ఎవరో అడుగుతారు. 1990లలో ఒక పెద్ద సంస్థ ఆయన చేత ఆ కథ రాయించిన మాట నిజం. నిర్మాత జాన్ పీటర్స్, ఒకప్పుడు తారలకు కేశాలంకరణ చేసి పైకి వచ్చిన వ్యక్తి. స్మిత్ చెప్పేదాని ప్రకారం ఆ నిర్మాత మూడు షరతులు పెట్టాడట. సూపర్‌మాన్ ఆ నీలం, ఎరుపు దుస్తులు వేసుకోకూడదు. గాలిలో ఎగరకూడదు. చివరలో ఒక బ్రహ్మాండమైన సాలెపురుగుతో పోరాడాలి. ఆంజనేయుడి మీద సినిమా తీస్తూ తోక వద్దు, సముద్రం దాటడం వద్దు, ఆఖరున తేలుతో కుస్తీ పట్టించండి అన్నట్లుంది ఈ వ్యవహారం. స్మిత్ ఆ నిర్మాత గొంతు అనుకరిస్తూ, తాను నోరు తెరిచి చూస్తున్న తీరు అభినయిస్తూ చెబుతుంటే హాలు దద్దరిల్లిపోతుంది. ఆ సూపర్‌మాన్ చిత్రం 1998లో ఆగిపోయింది. 1999లో అదే నిర్మాత పేరు మీద 'వైల్డ్ వైల్డ్ వెస్ట్' అనే వేరే సినిమా వచ్చింది. స్మిత్ వెళ్ళి చూశాడు. అందులో ఒక బ్రహ్మాండమైన ఇనుప సాలెపురుగు నడుచుకుంటూ వచ్చింది!

ఈ కథలో నవ్వు పుట్టించినది ఎవరు? అడిగిన కుర్రాడు కాదు. వాడు తాళం తీసినవాడు మాత్రమే. నవ్వులపాలైనది డబ్బు, అధికారం వున్న నిర్మాత. ఆ తర్వాత, అంత విడ్డూరం విని కూడా సరేనండీ అని తల ఊపి వచ్చిన స్మిత్ తానే. అన్నం పెట్టేవాడి ముందు నోరు మెదపలేని స్థితి గుమాస్తాకు తెలుసు, పాలేరుకు తెలుసు, మనకూ తెలుసు. అందుకే అమెరికా సినిమా సంగతి అయినా అర్థం కాకుండా పోదు.

ఇంకొకటి. 1999లో ఆయన తీసిన 'డాగ్మా' సినిమా తమ మతాన్ని కించపరిచిందని కొందరు క్రైస్తవులు థియేటర్ల ముందు నిరసనలు చేశారు. తన ఊరి దగ్గరి థియేటరు ముందు నిరసన జరుగుతుందని తెలిసి స్మిత్ తానే అట్ట మీద తన సినిమాను తిట్టి రాసుకుని వెళ్ళి, నిరసనకారుల మధ్య నిలబడ్డాడు. టీవీ విలేఖరి వచ్చి మీరు ఆ దర్శకుడు కదూ అంటే కాదని, వేరే పేరు చెప్పాడు. ఆ ముక్క వార్తల్లో కూడా వచ్చింది. అంత కోపంతో వచ్చిన జనాన్ని ఒక్క మాట అనకుండా, తన సినిమాను తానే తిట్టుకుని బయటపడటం మామూలు చమత్కారం కాదు.

ఈ పద్ధతి మనకు కొత్తదా? ఎంత మాత్రం కాదు. బుర్రకథ చూసినవారికి వంతల సంగతి తెలుసు. కథకుడికి ఇటూ అటూ నిలబడి ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం చెబుతారు. జనం మనసులో వున్న సందేహాన్ని వంత పైకి అడుగుతాడు. ఆ అడగడంలోనే నవ్వు పుడుతుంది, కథ ముందుకు జరుగుతుంది. ఇక అష్టావధానం సంగతి చెప్పనవసరం లేదు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి అంటూ పృచ్ఛకులు అవధానిని కట్టడి చేస్తుంటే, అప్రస్తుత ప్రసంగి మధ్యలో దూరి పనికిమాలిన ప్రశ్న ఒకటి వేస్తాడు. అవధాని ఏకాగ్రత చెడగొట్టడం అతని పని. చెడకుండా చమత్కారంగా జవాబు చెప్పడం అవధాని పని. ఛందస్సు తెలియనివారు కూడా అవధానంలో కాచుకుని కూర్చునేది ఆ అప్రస్తుత ప్రసంగం కోసమే.

అయితే ఇక్కడ ఒక తేడా వుంది, అది చిన్న తేడా కాదు. అవధానంలో పృచ్ఛకుడికి వేదిక మీద ఆసనం వుంటుంది. అతడు కూడా పండితుడే. జవాబు చప్పగా వుంటే మళ్ళీ తగులుకుంటాడు. స్మిత్ సభలో అడిగేవాడికి దక్కేది అర నిమిషం. వెలుగంతా వేదిక మీద వుంటుంది, ఆఖరి మాట వేదికదే. కుర్రాడు తడబడితే, మాట తప్పితే, వేసుకున్న చొక్కా వింతగా వుంటే అది కూడా హాస్యానికి పనికి వస్తుంది. స్మిత్ కూడా అప్పుడప్పుడు అడిగినవాడిని ఆట పట్టిస్తాడు. ఎక్కువసార్లు వెంటనే తన లావు మీద, తన పిరికితనం మీద నాలుగు మాటలు వేసుకుని లెక్క సరిచేస్తాడనుకోండి. కానీ ఆయనను చూసి నేర్చుకునేవాళ్ళు మొదటి సగమే నేర్చుకుంటారు.

దీని మీద ఇంత రాయడానికి కారణం వుంది. మన పల్లెల్లో కూడా ప్రశ్నల సభలు వున్నాయి. వాటిని గ్రామసభలు అంటారు. కాలువ చివరి భూములవాడు లేచి, మాకు నీరెప్పుడయ్యా అనబోయి గొంతు పెగలక తడబడతాడు. వేదిక మీది పెద్దమనిషి నవ్వుతూ ఒక విసురు విసురుతాడు. జనం గొల్లున నవ్వుతారు. పక్కన కూర్చున్నవాళ్ళు మరీ గట్టిగా నవ్వుతారు. నీటి సంగతి ఆ నవ్వులో కొట్టుకుపోతుంది. అడిగినవాడు తలవంచుకుని కూర్చుంటాడు. మరుసటి సభకు రాడు, వాడిని చూసి ఇంకో పదిమంది నోరు విప్పరు. పింఛను రాలేదని అడగడానికి వచ్చిన ముసలమ్మ మాట తీరును అనుకరించి నవ్వించినవాడిని సరదా మనిషి అని పొగడటం మన చెవులతో మనం విన్నదే. ఇటువంటి నవ్వుకు అలవాటు పడిన జనానికి, వేదిక మీది మనిషి అడిగినవాడిని చిన్నబుచ్చే సభలను హాస్యం పేరిట ఇంకా అలవాటు చేయడం మంచిది కాదు.

కనుక ప్రశ్నకు సమాధానం ఒక్క ముక్కలో చెప్పేది కాదు. స్మిత్ తన మీద, తనకంటే పెద్దవాళ్ళ మీద నవ్వించినంత సేపు ఈ సభలు మంచి హాస్యమే, చాలా హాస్య చిత్రాల కంటే మేలు. ఎందుకంటే సినిమాలో హాస్యనటుడికి మాటలు ఎవరో రాసిస్తారు. ఇక్కడ ఏ ప్రశ్న వస్తుందో తెలియదు. ఆ తెలియనితనం చూసేవాడికీ తగులుతుంది. వచ్చిన ప్రశ్నను ఎటు తిప్పుతాడో చూద్దామని కూర్చుంటాం.

కానీ కొన్ని మాటలు ముందే చెప్పి పెట్టడం ధర్మం. ఒకటి, భాష. స్మిత్ నోట బూతు మాట లేకుండా నాలుగు వాక్యాలు రావు. పడకటింటి ముచ్చట్లు కూడా దాచుకోడు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే వ్యవహారం కాదు. బూతు తీసేస్తే హాస్యం మిగులుతుందా అంటే, సూపర్‌మాన్ కథలో మిగులుతుంది. వేరే చాలా చోట్ల మిగలదు. రెండోది, మనం చూసేది తూర్పారబట్టిన ధాన్యం. చప్పగా పోయిన ప్రశ్నలు, నవ్వు రాని జవాబులు కత్తెరలో పోయాయి. ప్రతి సభా ఇలాగే వుంటుందనుకుని మనవాళ్ళు ఎవరినైనా పిలిస్తే నిరాశ తప్పదు. మైకు చేతికిస్తే చాలు నవ్వు రాదు. చెప్పేవాడికి చెప్పడానికి బతుకు వుండాలి.

2018 ఫిబ్రవరిలో జరిగినది కూడా ఇక్కడ చెప్పాలి. కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో ఆయన ఒకే రాత్రి రెండు ప్రదర్శనలు ఇవ్వాల్సి వుంది. మొదటిది చిత్రీకరణతో సహా పూర్తయింది. రెండోదానికి ముందు తీవ్రమైన గుండెపోటు వచ్చి ఆసుపత్రి పాలయ్యాడు. బతికి బయటపడ్డాడు. ఆ మొదటి ప్రదర్శనే ఆ యేడు టీవీలో వచ్చింది. ఆ సంగతి తెలిసి చూస్తే నవ్వు ఒక రకంగా వుండదు. ముందున్న మనిషి చెమట తుడుచుకున్నప్పుడల్లా మనకు గుబులు పుడుతుంది. సినిమాలో నటుడిని చూసినప్పుడు ఈ గుబులు రాదు.

మన తెలుగులో ఇలాంటి పనికి తగినవాళ్ళు లేకపోయారా? జంధ్యాల నాటకాల నుంచి వచ్చిన మనిషి, వేదిక కొత్త కాదు. 2001లో పోయారు. ముళ్ళపూడి వెంకటరమణ 2011లో పోయారు, బాపు 2014లో పోయారు. రమణ 'కోతికొమ్మచ్చి' పేరిట తన కథ తానే రాసి పెట్టడం మన అదృష్టం. అది చదివి నవ్వనివారు అరుదు. కానీ పుస్తకాన్ని ఎదురు ప్రశ్న వేయలేం. వీరి ముందు ఒక పల్లెటూరి కుర్రాడిని నిలబెట్టి, భయపడకుండా అడగనిచ్చి, మూడు గంటలు అలా వదిలేసి వుంటే ఎలా వుండేదో ఊహించుకోవలసిందే. ఇప్పుడు వున్నవారిలోనైనా పెద్దవాళ్ళ దగ్గరకు కెమెరాలు పట్టుకుని వెళ్ళేవారు, యాంకరమ్మను కాసేపు పక్కన కూర్చోబెట్టి, మైకు జనంలోకి పంపితే బాగుంటుంది.

పండుగ పందిళ్ళలో తెర కట్టి సినిమాలు వేసే యువజన సంఘాలు ఈ జిల్లాలో ఇంకా వున్నాయి. వారిలో ఎవరికైనా స్మిత్ సభ చూపించాలని సరదా పుడితే, మూడున్నర గంటలదంతా వేయవద్దు. సూపర్‌మాన్ కథ వున్న ముక్క ఒక్కటి చాలు. దాని వరకే విడిగా పెట్టుకుని, ఇంగ్లీషు బాగా వచ్చినవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, బూతులు వడకట్టి తెలుగులో చెప్పించండి. చిన్నపిల్లలు ఇళ్ళకు వెళ్ళాక వేయండి. తర్వాత మైకు జనంలోకి పంపండి. వెనుక వరుసలోని ఆడవాళ్ళ దాకా వెళ్ళేలా తీగ పొడుగ్గా వుండేట్లు చూసుకోండి.