ఆ నల్ల విండో కస్టమర్‌కెందుకు?

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా పైథాన్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేశారు. మీ ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడుస్తోంది. తెలిసిన మెడికల్ షాపులో ఇన్‌స్టాల్ చేసి ఐకాన్ నొక్కితే, మీ స్క్రీన్ కంటే ముందే తెల్లక్షరాలతో ఓ నల్ల విండో వచ్చి కూర్చుంటుంది. అదే కన్సోల్. షాపాయన మొదట అడిగేది ఒకటే: ‘ఇదేంటి బాబూ, వైరస్సా?’

‘ఉంటే నష్టమేంటి?’ అనుకోవద్దు. ఆయన దాన్ని అనవసరమనుకుని ఇంటూ మార్కు నొక్కితే, విండోస్ మీ ప్రోగ్రామ్‌నే మూసేస్తుంది. సేవ్ చేయని బిల్లు గోవిందా! ఇంకో తిప్పలు కూడా ఉంది. కన్సోల్‌లో క్విక్ ఎడిట్ ఆన్‌లో ఉండగా చెయ్యి తగిలి దానిపై క్లిక్ పడిందంటే, అది టెక్స్ట్ సెలెక్ట్ చేసే పనిలో పడుతుంది. ఆ తర్వాత ప్రోగ్రామ్ ఏదైనా ప్రింట్ చేయబోతే అక్కడే ఆగిపోతుంది. ఎంటర్ నొక్కితే కదులుతుందని షాపాయనకి ఎవరు చెప్తారు?

దాచడం కష్టమేం కాదు. పైఇన్‌స్టాలర్‌లో ‘నోకన్సోల్’ ఆప్షన్ ఇస్తే చాలు. జావాలో అయితే ‘జావా’కి బదులు ‘జావాడబ్ల్యూ’తో రన్ చేయొచ్చు.

అయితే అసలు పని ఇక్కడే మొదలవుతుంది. చాలా స్టూడెంట్ ప్రాజెక్టుల్లో ఎర్రర్ కనిపించే చోటు కన్సోల్ ఒక్కటే. దాన్ని తీసేసి ఊరుకుంటే, ప్రోగ్రామ్ ఎందుకు ఆగిందో ఆయనకీ తెలీదు, మీకూ తెలీదు. అందుకే కొందరు సీనియర్లు ‘కన్సోల్ ఉండనీ, ఫోన్‌తో ఫొటో తీసి పంపుతారు’ అంటారు. వాళ్ల బాధ నిజమే, మందు మాత్రం అది కాదు. ఐకాన్ నొక్కి తెరిచిన ప్రోగ్రామ్ కూలిపోతే, దాని కన్సోల్ కూడా రెప్పపాటులో మాయమవుతుంది. ఇక ఫొటో తీసేదెప్పుడు?

నా మాట ఇది: విండో దాచండి, సమాచారం దాచకండి. పైథాన్‌తో పాటే వచ్చే ‘లాగింగ్’ మాడ్యూల్‌తో ప్రతి ఎర్రర్‌నీ ఒక ఫైల్‌లో రాయండి. కస్టమర్ల ఫోన్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు మాత్రం అందులోకి వెళ్లకూడదు. యూజర్‌కి ‘బిల్లు సేవ్ కాలేదు, మళ్లీ ప్రయత్నించండి’ అని మామూలు మాటల్లో చెప్పండి. హెల్ప్ మెనూలో ‘లాగ్ ఫైల్ చూపించు’ అని ఒక బటన్ పెట్టండి. త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌నే చూడండి. విండోస్‌లో దాని కన్సోల్ మామూలుగా కనిపించదు, కావాలనుకున్నవాళ్లు మెనూలోంచి తెరుచుకోవచ్చు.

గిట్, ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాంటి టూల్స్ సంగతి వేరు. వాటిని వాడేవాళ్లు కన్సోల్ కావాలనే తెరుస్తారు. షాపాయన కోరుకున్నది బిల్లు మాత్రమే.

ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టు ఏం చేస్తుంది?’ అంటే అందరూ చెప్తారు. ‘ఫెయిలైతే యూజర్‌కి ఏం కనిపిస్తుంది? మీకెలా తెలుస్తుంది?’ అని అడిగితే చాలామంది నీళ్లు నములుతారు. ఈ వారాంతం మీ ప్రాజెక్టుని కన్సోల్ లేకుండా బిల్డ్ చేయండి. పైథాన్ లేని ఇంకో కంప్యూటర్‌లో రన్ చేసి, కావాలనే ఒక ఎర్రర్ తెప్పించండి. ఆ రెండు ప్రశ్నలకీ జవాబు మీకే దొరుకుతుంది.