పట్టనితనం ఎవరిది?

ప్రపంచమంతా టీవీల ముందు కూర్చుని చూసే రేసు ట్రాక్ తమ పెరట్లోనే ఉన్నా మన పల్లెజనం కన్నెత్తి చూడరనీ, వారికి క్రీడాస్పృహ లేదనీ ఒక ఫిర్యాదు చాలాకాలంగా వింటున్నాను. ఉదాహరణ ఎప్పుడూ ఒకటే. గ్రేటర్ నోయిడా దగ్గర పొలాల నడుమ వెలసిన బుద్ధ్ సర్క్యూట్. 2011 నుంచి 2013 దాకా అక్కడ ఫార్ములా వన్ పందేలు జరిగాయి. మూడుసార్లూ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. చుట్టుపక్కల రైతులకు ఇదేమీ పట్టలేదట!

పట్టకపోవడమా? పరిహారం చాలలేదు, పందేన్ని అడ్డుకుంటామని 2011లో హెచ్చరించింది ఆ రైతులే. 5.125 కిలోమీటర్ల ఆ ట్రాక్ ఎవరి చేలమీదుగా మలుపు తిరుగుతుందో వారికి ఇంజనీర్లకన్నా బాగా తెలుసు. లోపలికి వెళ్ళాలంటే మాత్రం వేల రూపాయల టికెట్టు. మొదటి ఏడు సాధన జరుగుతుండగా ఒక వీధికుక్క ట్రాక్ మీదికి వచ్చి కార్లను నిలిపివేయించింది. స్థానికులలో టికెట్టు లేకుండా వెళ్ళగలిగింది బహుశా అదొక్కటే. పైగా, ఇది క్రీడ కాదు, వినోదమంటూ పన్ను వేసింది సాక్షాత్తు ఆ రాష్ట్ర ప్రభుత్వం. ఏలినవారికే క్రీడగా కనబడనిది గోధుమచేను పోగొట్టుకున్నవాడికి కనబడాలా?

నేను హుస్నాబాద్ వాణ్ణి. (2016లో సిద్దిపేట జిల్లాలో కలిపారు గానీ, నా నోటికి ఇంకా కరీంనగరే వస్తుంది.) మా మెట్టభూములకు నీళ్ళిస్తామన్న గౌరవెల్లి జలాశయాన్ని 1.4 టీఎంసీల నుంచి 8.23 టీఎంసీలకు పెంచారు. ముంపు గుడాటిపల్లి వాళ్ళది. పరిహారం అడిగినందుకు 2022 జూన్‌లో వారిమీద లాఠీలు లేచాయి. ఎనిమిది నెలలు తిరిగేసరికి, 2023 ఫిబ్రవరి 11న, హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం. 2.8 కిలోమీటర్ల ఆ ట్రాక్ కోసం నగరమే దారి మళ్ళింది. మా అంగట్లో దాని ఊసే లేదని హైదరాబాదు మిత్రుడొకరు చిన్నబుచ్చుకున్నారు. ఎందుకుండాలి? జలాశయమైతే కొందరిని ముంచినా కొందరి చేనుకు నీరిస్తుందన్న ఆశ ఉంది. ఆ పందెం మాకేమిస్తుందో ఎవరూ చెప్పలేదు. 2024లో జరగవలసిన రెండో పందెం రద్దయింది కూడా.

పల్లెలకు వేగం గిట్టదని మాత్రం అనకండి. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో షోలవరం ఉంది. రెండో ప్రపంచయుద్ధం నాటి పాత విమానాల రన్‌వే మీద అక్కడ దశాబ్దాలపాటు పందేలు సాగాయి, జనం విరగబడి చూశారు. ఆ పందేల కోసం ఎవరి చేనూ కొత్తగా లాక్కోలేదు మరి.